అదే సినిమా మూడోసారి కొనాలా? పాత డీవీడీలు మీరంతా ఏం చేస్తున్నారు?

షెల్ఫ్‌నిండింది
కురొసావా తీసిన జపాన్ సినిమా సెవెన్ సమురాయ్ డీవీడీలో కొన్నాను. తర్వాత బ్లూరేలో కొన్నాను. 2024లో 4కే డిస్క్ వచ్చింది, అప్పట్నుంచి చెయ్యి ఊరుకోవట్లేదు. 1954 నాటి నలుపు తెలుపు సినిమాకి 4కే ఎందుకని మా ఆవిడ అడిగితే గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. పైగా అరలన్నీ నిండిపోయి డబ్బాలు కుర్చీల మీదకి వచ్చేశాయి. కురొసావా, ఓజు, బెర్గ్‌మన్, సత్యజిత్ రాయ్... ఎక్కువ భాగం డీవీడీలే. కొత్తది కొన్నప్పుడల్లా పాతది ఎవరికైనా ఇచ్చేస్తున్నారా, నాలాగే పేర్చుకుంటూ పోతున్నారా? "స్ట్రీమింగ్‌లో ఉన్నాయిగా" అనేవాళ్లు మాత్రం దయచేసి రావొద్దు. ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నా.

అర్ధరాత్రి_ఆట
స్ట్రీమింగ్‌లో ఉన్నాయిగా.

షెల్ఫ్‌నిండింది
దణ్ణం బాబూ.

గ్రెయిన్_గిరి
నలుపు తెలుపుకి 4కే ఎందుకు అనే ప్రశ్న తిరగేసి అడగాలి. 35 ఎంఎం ఫిల్మ్ మీద ఉన్నంత వివరం డీవీడీలో ఎప్పుడూ లేదు. డీవీడీలో బొమ్మని కూర్చే అడ్డగీతలు 480, యూరప్ పద్ధతిలో అయితే 576. బ్లూరేలో 1080, 4కేలో 2160. రంగు లేకపోతే కన్ను ఇంకెక్కడికి పోతుంది? నీడల్లోకి, బట్టల నేతలోకి, మొహం మీద చెమటలోకి పోతుంది. నలుపులో నలుపు విడివిడిగా కనబడటం హెచ్‌డీఆర్‌తో, అంటే వెలుగునీడల తేడాని ఇంకా ఎక్కువగా చూపే పద్ధతితో, వచ్చే అసలు లాభం.

కానీ డబ్బా మీద 4కే అని వేసినంత మాత్రాన కొనెయ్యకు. దేన్నుంచి స్కాన్ చేశారో చూడు. కెమెరాలో తిరిగిన నెగటివ్ నుంచా, దాన్నుంచి తీసిన మాస్టర్ పాజిటివ్ నుంచా, హాళ్లలో తిరిగి తిరిగి అరిగిన ప్రింటు నుంచా? ఓజు తీసిన టోక్యో స్టోరీ నెగటివ్ ఎప్పుడో అగ్నిప్రమాదంలో పోయింది. ఎన్ని కే లు పెట్టి స్కాన్ చేసినా, మిగిలిన కాపీలో ఎంత ఉందో అంతే వస్తుంది.

అర్ధరాత్రి_ఆట
నవ్వులాటకి అన్నాను గానీ నాదీ ఒక మాట వినండి. నా దగ్గర మంచి టీవీ ఉంది, మంచి నెట్ ఉంది. నెలకింత కడితే వందల పాత సినిమాలు. డిస్క్ పెట్టడానికి లేవక్కర్లేదు, దుమ్ము తుడవక్కర్లేదు. మీరు కొన్నవాటిలో విప్పి చూసినవి ఎన్ని? నిజం చెప్పండి.

షెల్ఫ్‌నిండింది
ఆ చివరి ప్రశ్న ఈ వేదిక నియమాలకి విరుద్ధం.

మోనో_మూర్తి
హహ. ప్లాస్టిక్ కాగితం విప్పకపోవడాన్ని "భద్రపరచడం" అంటారు.

నైట్రేట్_నాని
అర్ధరాత్రి అన్నా, ఫిల్మ్‌స్ట్రక్ అనే స్ట్రీమింగ్ సైటు గుర్తుందా? పాత సినిమాలకీ విదేశీ సినిమాలకీ అంతకన్నా మంచి చోటు లేదని అందరూ చేరారు. 2018 నవంబర్ 29న మూసేశారు. పాత సినిమాల డిస్కులు వేసే క్రైటీరియన్ వాళ్ల స్ట్రీమింగ్ ఛానెల్ 2019 ఏప్రిల్‌లో మొదలయ్యేదాకా చాలామందికి దారి లేదు. అప్పుడు కూడా నా డబ్బాలు నా దగ్గరే ఉన్నాయి.

ఇంకోటి. 4కే స్ట్రీమింగ్ చాలావరకు సెకనుకి 15 నుంచి 25 మెగాబిట్‌ల మధ్య వస్తుంది. మామూలు బ్లూరేలోనే వీడియోకి 40 దాకా చోటుంది, 4కే డిస్క్‌లో అయితే మొత్తం 128 దాకా. పొగ, వర్షం, మంచు, చీకటి ఉన్న సీన్లు పక్కపక్కన పెట్టి చూడు. సెవెన్ సమురాయ్ చివరి పోరాటం మొత్తం వర్షంలోనే కదా.

అర్ధరాత్రి_ఆట
ఒప్పుకుంటా. కానీ డిస్కులు మాత్రం శాశ్వతమా? హక్కులు అయిపోతే అవీ ముద్రణ ఆగిపోతాయి. తర్వాత పాతవాటికి మూడింతలు అడుగుతారు. ప్లేయర్లు చేసేవాళ్లే తగ్గిపోతున్నారు. ఒప్పో 2018లో మానేసింది, సామ్‌సంగ్ 2019లో, ఎల్‌జీ 2024లో. డిస్కులు మిగిలి ప్లేయరు లేకపోతే అద్దాల బదులు వాడుకోవాలి.

నైట్రేట్_నాని
ఆ భయం నాకూ ఉంది. అందుకే ఒక ప్లేయరు అదనంగా కొని దాచా. మా నాన్న దాన్ని చూసి "ఇదెప్పుడు తీస్తావురా" అంటారు. చెప్పేదేముంది.

కొత్తగా_చేరా
ఒక డౌట్. ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక పాత ఇటాలియన్ సినిమా బ్లూరే తెప్పిస్తే బొమ్మ అంతా చీమలు పాకుతున్నట్టు చుక్కలు చుక్కలుగా ఉంది. ఫోన్‌లో అదే సినిమా ఎంత నున్నగా ఉందో. డిస్క్ పాడైందా? వాపస్ పంపనా?

గ్రెయిన్_గిరి
వాపస్ పంపకు తమ్ముడూ. అది గ్రెయిన్. ఫిల్మ్ మీద బొమ్మ తయారయ్యేదే ఆ రేణువులతో. దాన్ని కడిగేస్తే దాంతోపాటు చర్మం మీద గీతలు, వెంట్రుకలు, గోడ మీద పగుళ్లు అన్నీ పోతాయి. మొహాలు మైనంతో చేసినట్టు తయారవుతాయి. ప్యాటన్ మొదటి బ్లూరే 2008లో అలాగే వచ్చింది, జనం గోల పెడితే 2012లో మళ్లీ చేసి వదిలారు. ప్రిడేటర్ 2010 ఎడిషన్ సంగతి వెతికి చూడు, అది ఇప్పటికీ నవ్వులపాలే.

ఒక్కటి చెయ్. టీవీ సెట్టింగుల్లో షార్ప్‌నెస్ బాగా తగ్గించు, నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆపేయ్. ఆ చీమలు సగం నీ టీవీ పుట్టించినవే అయ్యుంటాయి.

కొత్తగా_చేరా
షార్ప్‌నెస్ వందలో ఎనభై మీద ఉంది 😬 తగ్గించాక చాలా తేడా. థ్యాంక్స్ గిరి గారూ.

లక్ష్మీ_ఫ్రేమ్
షెల్ఫ్ గారి అసలు ప్రశ్నకి వద్దాం. పాతవి ఇచ్చెయ్యకండి, కనీసం సరిచూసుకోకుండా ఇచ్చెయ్యకండి. కొత్త డిస్క్‌లో ఉన్నది అదే సినిమా అని నమ్మకం లేదు.

ఇన్ ద మూడ్ ఫర్ లవ్ తీసుకోండి. 2021లో వచ్చిన దర్శకుడు వాంగ్ కార్-వై సినిమాల బాక్స్ సెట్‌లో రంగులు పాత డిస్కుల్లా లేవు, ఆకుపచ్చ వైపు జరిగాయి. అదే సెట్‌లో ఫాలెన్ ఏంజెల్స్ ఫ్రేమే మార్చేశారు. ఎత్తుకి 1.85 రెట్ల వెడల్పుతో ఆడిన సినిమాని పైనా కిందా కోసి 2.39 చేశారు. ఇదంతా ల్యాబ్‌లో జరిగిన పొరపాటు కాదు, దర్శకుడే దగ్గరుండి చేయించాడు. ఇవి మీరు చూసిన ఆ సినిమాలే కావు, నేనూ అప్పటి మనిషిని కాను అన్న అర్థంలో ఆయనే రాసుకున్నాడు. ఆయన ఇష్టం. కానీ 2000 సంవత్సరంలో హాల్లో చూసిన రంగులు నాకు కావాలంటే నా పాత డిస్కే దిక్కు.

మోనో_మూర్తి
దర్శకుడే మార్చుకుంటే మనకేం బాధ లక్ష్మి గారూ? సినిమా ఆయనది. కథకుడు రెండో ముద్రణలో కథ దిద్దుకుంటే ఊరుకుంటాం కదా.

లక్ష్మీ_ఫ్రేమ్
దిద్దుకోనివ్వండి, మొదటి ముద్రణ కూడా దుకాణంలో ఉంచమంటున్నా. బాధ అక్కడే. కొత్తది రాగానే పాతదాన్ని ముద్రించడం ఆపేస్తారు.

అయినా సినిమా ఒక్క దర్శకుడిదేనా? ద ఫ్రెంచ్ కనెక్షన్ బ్లూరే 2009లో వచ్చినప్పుడు దర్శకుడు ఫ్రీడ్‌కిన్ రంగుల్ని వెలిసిపోయినట్టు మార్చాడు. ఆ సినిమా తీసిన ఛాయాగ్రాహకుడు ఓవెన్ రోయిజ్‌మన్ బహిరంగంగానే తిట్టిపోశాడు. 2012లో ఆయన కూడా కూర్చున్నాక మళ్లీ సరైన రంగులతో వచ్చింది. అంటే ఇద్దరు హక్కుదారులు, రెండు డిస్కులు. ఇప్పుడు ఎవరిది అసలుది?

షెల్ఫ్‌నిండింది
ఛాయాగ్రాహకుడు మార్చిన కేసు కూడా ఉంది కదా? స్టొరారో?

లక్ష్మీ_ఫ్రేమ్
అవును. ఆయనకి 2.00 నిష్పత్తి మీద మక్కువ. సినిమాలన్నీ అదే కొలతలో ఉండాలని ఆయన వాదం. ద లాస్ట్ ఎంపరర్ క్రైటీరియన్ డిస్క్ 2008లో అలాగే వచ్చింది, హాల్లో వెడల్పుగా ఆడిన బొమ్మ పక్కలు పోయాయి. ఆ దర్బారు సీన్లలో అంచున నిలబడ్డ మనుషుల్ని పోగొట్టుకుని ఏం సాధించారో నాకర్థం కాదు.

పాతరీలు_పాపారావు
మాయాబజార్ రంగుల్లో వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. 1957 సినిమాని 2010లో రంగులద్ది వదిలారు. మా పిల్లలు దాన్నే ఇష్టంగా చూశారు, నేను కాదనలేదు. కానీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వేసిన వెన్నెల నలుపు తెలుపుదే. రెండూ ఉంటే ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకుంటారు. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు ఒకదాన్ని తోసేసి ఇంకోదాన్ని కూర్చోబెట్టడం ఎందుకు?

అర్ధరాత్రి_ఆట
పాపారావు మాస్టారు వచ్చారు. ఇక లేజర్‌డిస్క్ కథలు మొదలు.

పాతరీలు_పాపారావు
మొదలుపెట్టమన్నావు కాబట్టి చెప్తా. డీవీడీలకి ముందొచ్చిన, అన్నం పళ్లెమంత డిస్కు, 30 సెంటీమీటర్లు. సగంలో లేచి తిప్పాలి. అయినా మీరు ఇవాళ ఎక్స్‌ట్రాలు అంటున్నవన్నీ అక్కడే పుట్టాయి. క్రైటీరియన్ వాళ్లు 1984లో సిటిజన్ కేన్, కింగ్ కాంగ్‌లతో మొదలుపెట్టారు. కింగ్ కాంగ్ డిస్క్‌లో రెండో ఆడియో ట్రాక్ ఖాళీగా ఉందని రొనాల్డ్ హేవర్ అనే ఆయనతో సినిమా నడుస్తుండగా మాట్లాడించారు. ఆడియో వ్యాఖ్యానం అనేది అలా మొదలైంది. షెల్ఫ్, నీ సెవెన్ సమురాయ్‌లో మైకేల్ జెక్ వ్యాఖ్యానం ఉంటే అదీ లేజర్‌డిస్క్ కాలం నాటిదే, అక్కణ్నుంచి డీవీడీలోకి దిగింది.

అందుకే పాత డబ్బా ఇచ్చేముందు వెనక అట్ట చదవండి. బొమ్మ కొత్తదాంట్లో బాగుంటుంది, నిజమే. వ్యాఖ్యానం, ఇంటర్వ్యూ, లోపలి చిన్న పుస్తకం మాత్రం హక్కులు కుదరక చాలాసార్లు పాతదాంట్లోనే ఉండిపోతాయి.

రీజియన్_రాణి
నేను డిస్కులు పారేసి పుస్తకాలు మాత్రం ఉంచుకున్నా కొన్నింటికి. ఎవరూ తిట్టకండి.

షెల్ఫ్‌నిండింది
తిట్టం. అసూయపడుతున్నాం. పారేసే ధైర్యం ఉన్నందుకు.

మోనో_మూర్తి
అందరూ కళ్ల గురించే మాట్లాడుతున్నారు. చెవులు లేవా?

పాత సినిమాలు మోనోలో మిక్స్ చేసినవి. ఒక స్పీకరుకి సరిపడా కొలిచి కూర్చిన శబ్దం అది. డీవీడీ వచ్చాక అందరికీ చుట్టూ స్పీకర్లలోంచి వినిపించే 5.1 పిచ్చి. తర్కోవ్‌స్కీ తీసిన స్టాకర్ 2000ల మొదట్లో డీవీడీలో వచ్చినప్పుడు అసలు సినిమాలో లేని శబ్దాలు 5.1లో కలిపారు. తర్కోవ్‌స్కీ అంత జాగ్రత్తగా వదిలిన నిశ్శబ్దంలో ఎవరో వచ్చి తలుపులు కొట్టినట్టుంది! గొడవయ్యాక తర్వాతి ముద్రణలో అసలు మోనో కూడా పెట్టారు. అందుకే నేను డిస్క్ కొనేముందు మొదట చూసేది ఆడియో వరుస. "ఒరిజినల్ మోనో" లేకపోతే వెనక్కి పెట్టేస్తా, బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే.

గ్రెయిన్_గిరి
అది కాస్త ఎక్కువే మూర్తి గారూ. బొమ్మ అందంగా ఉండి 5.1 ఒక్కటే ఉంటే నేను కొంటా. వెనక స్పీకర్లు ఆపేస్తే పోయె.

మోనో_మూర్తి
ఆపితే ఆగవండి. కలిపిన కొత్త శబ్దాలు ముందు స్పీకర్లలోనూ ఉంటాయి. తుపాకీ మోత మార్చేశాక ఏ స్పీకరులో విన్నా కొత్త తుపాకీయే.

గ్రెయిన్_గిరి
సరే, ఆ పాయింటు మీది.

మోనో_మూర్తి
ఇంకో శబ్దం గొడవ. షెల్ఫ్, నీ డీవీడీల్లో యూరప్‌వి ఉన్నాయా? అక్కడి టీవీ పద్ధతి పాల్‌లో చేసిన డిస్కులు? సినిమా సెకనుకి 24 ఫ్రేములు, పాల్ 25. సినిమాని అలాగే 25 మీద తోలేస్తారు. నాలుగు శాతం వేగం పెరుగుతుంది. 207 నిమిషాల సినిమా దాదాపు 199లో అయిపోతుంది, ఒక్క షాట్ కూడా కత్తిరించకుండానే! శ్రుతి కూడా హార్మోనియం మీద ఒక మెట్టుకి కాస్త తక్కువగా పైకి పోతుంది. మీకు తెలిసిన పాట అయితే ఒక్క చరణం చాలు, ఒళ్లు జలదరిస్తుంది. కొందరు శ్రుతి దిద్ది వదిలారు, అందరూ కాదు. పాల్ డీవీడీ ఉన్న సినిమాకి బ్లూరే వస్తే మాత్రం కళ్లు మూసుకుని మార్చెయ్.

కొత్తగా_చేరా
బ్లూరేలో ఈ సమస్య లేదా?

మోనో_మూర్తి
చాలావరకు లేదు, 24 ఫ్రేములు ఉన్నవి ఉన్నట్టు పెట్టొచ్చు. పాత టీవీ మాస్టరు ఎక్కించిన కొన్నింట్లో తప్ప.

లక్ష్మీ_ఫ్రేమ్
వేగం అన్నారు కాబట్టి, మూకీలకి ఇది ఇంకా పెద్ద చిక్కు. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, ఒకే వేగం అంటూ లేదు. ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్ బ్రిటన్‌లో 2012లో, క్రైటీరియన్‌లో 2018లో వచ్చిన బ్లూరేల్లో సెకనుకి 20, 24 ఫ్రేములు రెండూ ఇచ్చారు, చూసుకోండి అని. నేను 20లో చూస్తా. మా అక్క 24 అంటుంది. ఇంట్లో దీని మీద ఇంకా రాజీ కుదరలేదు.

ఆ సినిమా నెగటివ్ 1928లోనే కాలిపోయింది. దర్శకుడు డ్రెయర్ మిగిలిన టేకులతో మళ్లీ కూర్చిందీ కాలిపోయింది. 1981లో ఓస్లో దగ్గరున్న ఒక మానసిక చికిత్సాలయంలో, పనివాళ్ల సామాను పెట్టుకునే గదిలో ప్రింటు దొరికింది. ఇవాళ మనం చూస్తున్నది దాన్నుంచి వచ్చిందే.

నైట్రేట్_నాని
దొరికిన రీళ్ల కథలంటే నేను చెవి కోసుకుంటా. మెట్రోపొలిస్‌ది కూడా అంతే. 1927 సినిమా, 2008లో బ్యూనస్ ఎయిర్స్ మ్యూజియంలో గీతలు పడ్డ 16 ఎంఎం కాపీ బయటపడింది. దాన్నుంచి దాదాపు 25 నిమిషాలు తిరిగి కలిపారు. 2010 డిస్క్‌లో ఆ ముక్కలు చూడగానే తెలిసిపోతాయి, బొమ్మ చిన్నదై గీతలతో వస్తుంది. దాచకుండా అలా వదిలెయ్యడం నాకు నచ్చింది.

ఇరాన్ సినిమా చెస్ ఆఫ్ ద విండ్ సంగతి ఇంకా విడ్డూరం. 1976లో తీశారు, విప్లవం తర్వాత నిషేధం, ఇక లేదనుకున్నారు. 2014లో పాత సామాన్లు అమ్మే దుకాణంలో నెగటివ్‌లు దొరికాయి. దొరికింది ఎవరికో కాదు, దర్శకుడు అస్లానీ కొడుక్కే! 2020లో బాగుచేసి, దర్శకుడు స్కోర్సేసీ స్థాపించిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ బాక్స్ నాలుగో సంపుటిలో పెట్టారు. అదే డబ్బాలో ఉదయ్ శంకర్ కల్పన (1948) కూడా ఉంది.

షెల్ఫ్‌నిండింది
ఆ డబ్బా నా దగ్గర లేదు. నాని, నువ్వు మంచివాడివి కాదు.

పాతరీలు_పాపారావు
సత్యజిత్ రాయ్ అపు మూడు సినిమాల నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో చిక్కాయి. కాలినవాటిని కూడా పారేయకుండా ఆస్కార్ అకాడమీ వాళ్లు దాచారు. ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యా ల్యాబ్‌లో పెళుసెక్కిన ఫిల్మ్‌ని మెత్తబరిచి, అంచులు చేత్తో అతికి స్కాన్ చేశారు. పథేర్ పాంచాలిలో నలభై శాతం, అపరాజితోలో అరవై శాతం పైన ఆ కాలిన నెగటివ్ నుంచే వచ్చింది. అపుర్ సంసార్‌ది మాత్రం ఏమీ పనికిరాలేదు, వేరే కాపీలే గతి. 2015లో బయటికొచ్చాయి.

దీనికి ముందు ఈ సినిమాల డీవీడీలు నా దగ్గర ఉండేవి. మసక, గీతలు, మాటలు సగం వినపడవు. అవి ఇచ్చేశాను, ఏమాత్రం బాధ లేదు. లక్ష్మి చెప్పింది రంగులు మార్చిన సినిమాలకి సరే గానీ అన్నింటికీ పట్టించకండి. కొన్ని పాత డిస్కులు ఉత్త చెత్త.

లక్ష్మీ_ఫ్రేమ్
ఉత్త చెత్త ఉందని నేనూ ఒప్పుకుంటా మాస్టారూ. మొదటి రోజుల్లో వచ్చిన డీవీడీల్లో వెడల్పు సినిమాని నల్లపట్టీలతో కలిపి చదరపు బొమ్మలో ఇరికించేవారు. ఇప్పటి టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపు, మధ్యలో తపాలా బిళ్లంత సినిమా. వాటికి నేనూ కాపలా కాయను.

సబ్‌టైటిల్_సుబ్బు
నా పేరు చూసి ఎదురుచూస్తున్నారని తెలుసు. విదేశీ సినిమా కొనేవాడికి బొమ్మ ఎంతో సబ్‌టైటిల్ అంతే. పాత ప్రింటు మీదే అచ్చయిపోయిన తెల్ల అక్షరాలు మంచు సీన్‌లో చదివినవాళ్లకి తెలుసు ఆ నరకం. అవి తీసెయ్యలేం, మార్చలేం. ప్లేయరు విడిగా చూపించేవి అయితేనే కొంటాను.

డిస్క్ మార్చినప్పుడు సబ్‌టైటిళ్లు మారడం కూడా జరుగుతుంది. స్వీడన్ సినిమా లెట్ ద రైట్ వన్ ఇన్ 2009లో అమెరికా డిస్క్‌గా వచ్చినప్పుడు హాల్లో చూపించినవి కాకుండా పొట్టిగా, చప్పగా మార్చినవి పెట్టారు. ఫిర్యాదులు వెల్లువెత్తాక తర్వాతి ముద్రణలో సరిచేశారు. డబ్బా వెనక సబ్‌టైటిళ్ల దగ్గర "థియేట్రికల్" అని ఉంటేనే సరైనది. బయటి బొమ్మ ఒకటే! సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు వెనక అట్ట ఫొటో అడగండి.

కొత్తగా_చేరా
కొనేముందు ఇవన్నీ ఎక్కడ చూస్తారు?

సబ్‌టైటిల్_సుబ్బు
డీవీడీబీవర్ అనే సైట్‌లో ఒకే సినిమా వేర్వేరు ఎడిషన్ల ఫ్రేములు పక్కపక్కన పెడతారు. సబ్‌టైటిల్ ఎలా కనిపిస్తుందో కూడా చూపిస్తారు. గంటలు పోతాయి, ముందే చెప్తున్నా.

రీజియన్_రాణి
డిస్కులు పాడవడం గురించి ఎవరూ మాట్లాడలేదేం? షెల్ఫ్ గారూ, మీ పాత డీవీడీలు ఒకసారి పూర్తిగా ఆడించి చూడండి. గీత ఒక్కటి లేకుండా తళతళలాడే డిస్కు రెండో గంటలో ఆగిపోతోంది నాకు. ఒక పెట్టెలో వరుసగా కొన్ని అలాగే పోయాయి. కంపెనీకి మెయిల్ పెడితే ఇప్పుడు ముద్రించడం లేదని, వేరే ఏదో సినిమా ఇస్తామన్నారు. నాకు కావాల్సింది ఆ సినిమా!

పాతరీలు_పాపారావు
అది కుళ్లు అంటారు. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించింది. సమాచారం మధ్యలో ఉంటుంది. జిగురు సరిగ్గా లేకపోయినా, లోపలి అల్యూమినియం పొరకి గాలి తగిలినా మెల్లగా తినేస్తుంది. రెండు పొరలుండే డ్యూయల్ లేయర్ డిస్కుల్లో రెండో పొరలోకి మారేచోట ఎక్కువగా తెలుస్తుంది, అందుకే నీకు సినిమా సగం దాటాక ఆగింది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు, మబ్బు పట్టినట్టో కాఫీ మరకలాగో కనబడొచ్చు. కనబడకుండానే పోయేవీ ఉన్నాయి.

మధ్య గుండీ గట్టిగా పట్టేసిన డబ్బాలోంచి డిస్క్‌ని వంచి లాగకండి, అతుకు వదులవుతుంది. నిలువుగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి. తుడిస్తే మధ్యనుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. బ్లూరేలో సమాచారం పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, అందుకే మీద గట్టి పూత వేస్తారు.

నైట్రేట్_నాని
నేను ఒక్కొక్కటీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకుంటున్నా. ఎక్కించేటప్పుడే ఏ డిస్క్ పోయిందో తెలిసిపోతుంది. కొన్ని దేశాల్లో కొన్న డిస్క్‌కి కాపీ కాకుండా వేసిన తాళం తీయడం కూడా చట్టం ఒప్పుకోదు, ఎవరిది వాళ్లు చూసుకోండి.

అర్ధరాత్రి_ఆట
అంటే డబ్బులిచ్చి డిస్కు కొని, దాన్ని ఫైలుగా మార్చి, టీవీలో ఫైలు పెట్టి చూస్తారు. నేను తిన్నగా ఫైలు చూస్తుంటే నవ్వుతారు. బాగుంది.

నైట్రేట్_నాని
నా ఫైలుని ఎవరూ రాత్రికి రాత్రి తీసెయ్యరు అన్నా.

అర్ధరాత్రి_ఆట
నాకోసం ఒక్క సినిమా చెప్పండి, డిస్క్‌లో చూస్తే మనసు మారేది. నిజంగానే అడుగుతున్నా.

గ్రెయిన్_గిరి
చెప్పను. నీకు బాగా తెలిసిన, పదిసార్లు చూసిన సినిమా ఏదో అదే డిస్క్‌లో తెచ్చుకో. తెలియని సినిమాలో తేడా కనబడదు.

షెల్ఫ్‌నిండింది
అందరివీ చదివాను. పాల్ డీవీడీలు, తపాలా బిళ్ల బాపతువి వెళ్లిపోతాయి. వ్యాఖ్యానం ఉన్నవి, రంగులు మారినవి ఉంటాయి. పెట్టె తెరిచి ఒక్కొక్కటీ ఆడించి చూస్తున్నాను, రాణి గారి మాట మీద. బెర్గ్‌మన్ డీవీడీ ఒకటి అప్పుడే ఆగిపోయింది. సెవెన్ సమురాయ్ 4కే ఆర్డరు పెట్టేశాను. అమెరికాదా బ్రిటన్‌దా అని ఒక రాత్రంతా తల బద్దలు కొట్టుకుని అమెరికాది తీసుకున్నా.

రీజియన్_రాణి
ఆగండాగండి. మీ ప్లేయరు ఏ రీజియన్? అంటే ఏ ప్రాంతం డిస్కులు ఆడుతుంది?

షెల్ఫ్‌నిండింది
4కే డిస్కులకి రీజియన్ కోడ్ లేదు కదా?

రీజియన్_రాణి
4కే డిస్క్‌కి లేదు. అదే డబ్బాలో ఎక్స్‌ట్రాల కోసం పెట్టిన బ్లూరేకి ఉంటుంది. క్రైటీరియన్ అమెరికా డబ్బా అయితే రీజియన్ "ఏ", బ్రిటన్‌లో వచ్చేవి రీజియన్ "బీ". మీ ప్లేయరు వేరేది అయితే సినిమా ఆడుతుంది, ఎక్స్‌ట్రాలు ఆడవు.

షెల్ఫ్‌నిండింది
అయ్యో. డీవీడీకి రిమోట్‌తో ఏదో నంబరు కొడితే తెరుచుకునేది కదా, అలా కుదరదా?

రీజియన్_రాణి
డీవీడీ వరకు చాలా ప్లేయర్లలో కుదురుతుంది. బ్లూరేకి ఎక్కువ మోడళ్లలో కుదరదు, లోపల చిప్ మార్చినవి కొనాలి. అలాంటిది కొనేటట్టయితే ఇంకోటి కూడా అడగండి. 50 హెర్ట్జ్ సిగ్నల్‌ని, అంటే యూరప్ టీవీ వేగాన్ని, తీసుకుంటుందా లేదా అని. బ్రిటన్ బ్లూరేల్లో పాత టీవీ ఇంటర్వ్యూలు చాలావరకు 50లోనే ఉంటాయి, రీజియన్ తెరిచినా కొన్ని ప్లేయర్లు వాటిని ఆడించవు. టీవీ కూడా ఒప్పుకోవాలి. మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.